ఉమ్మడి మొహం

ముట్టడి రోజుల్లో ఉత్తరం వైపు కంచె కోసింది తానేనని ఆమె ఒప్పుకుందట. అదే రోజు, అదే గంటకి, దక్షిణం గేటు దగ్గర గార్డు చేతిలోంచి తుపాకీ లాక్కుని సముద్రంలో పారేసింది కూడా తానేనందట. దెబ్బలు తగిలినవాళ్లని వలల కింద దాచింది ఆమేనట. ఇసకలో చెలమలు తవ్వి ఊరికి నీళ్లు పోసింది ఆమేనట. పోనీ అక్కడితో ఆగిందా? నాలుగో రోజు పడవ చాటున బిడ్డని కన్నది కూడా ఆమేనట! మొత్తం పదకొండు పనులు. ఇవన్నీ ఆమె ఒక సినిమాలో కెమెరా ముందు కూర్చుని, కళ్లెత్తి సూటిగా చెప్పిన మాటలేనని పోలీసులు అభియోగపత్రంలో రాశారు. పేరు మైలపిల్లి నూకరత్నం. వయసు ఇరవై తొమ్మిది. ఎండుచేపలు అమ్ముకుంటుంది.

నిజానికి నూకరత్నం ఆ సినిమాలో ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క క్షణం కెమెరా ముందుకు రాలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందని సామెత. ఈ ఉరుము ఎవరిదయ్యా అంటే ఇందుమతిది.

ఇందుమతి దుర్మార్గురాలేం కాదు. అయ్యుంటే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది. విశాఖపట్నంలో ఒక పాత మేడ మీద రెండు గదుల్లో ఆమె ప్రయోగశాల. నాలుగు కంప్యూటర్లు, ఒక కెమెరా, ఆ వేడికి ఉడికిపోతూ ఆమె. మనుషుల మొహాల మీద పదేళ్లుగా పరిశోధన చేస్తోంది. రెండేళ్ల కిందట ఆమెని వెతుక్కుంటూ ప్రభుదాస్ ఆ మెట్లెక్కి వచ్చాడు.

ప్రభుదాస్ ముప్పై ఏళ్లుగా డాక్యుమెంటరీలు తీస్తున్న మనిషి. ఎక్కడ జనాన్ని వాళ్ల నేల మీంచి తరుముతుంటే అక్కడికి కెమెరా భుజాన వేసుకుని వెళ్లేవాడు. ఇందుమతి కాలేజీలో ఉండగా ఆయన సినిమాలు చూసి ఏడ్చింది. ఆ మనిషి తన ఎదురుగా కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా పక్కన పెట్టాడు.

"నా కిందటి సినిమాలో ముగ్గురు క్వారీ కూలీలు మాట్లాడారమ్మా. సినిమా చూపించిన నెలకి ముగ్గురి ఇళ్లూ నేలమట్టం. ఒకతను ఈ రోజు వరకూ ఇంటికి రాలేదు. వాళ్ల మొహాలు ఆ క్వారీ యజమానులకి చూపించింది ఎవరు? నేనే. నా చేతుల్తో నేనే."

ఆ తరవాత ఆయన కెమెరా ముట్టలేదు. ఇప్పుడు మళ్లీ ముట్టాల్సి వచ్చింది. ఉత్తరాన మొగదిబ్బపాలెం అని చిన్న జాలరి ఊరు. అక్కడ ఒక కంపెనీ సొంత రేవు కట్టుకోవడానికి వచ్చి, ఊరికీ సముద్రానికీ మధ్య కంచె వేసింది. ఊరు ఎదురు తిరిగింది. కంపెనీ గార్డులు నీళ్లు ఆపేశారు, దారులు మూసేశారు, కాల్పులు జరిపారు, ఇద్దరు పోయారు. మగాడు బయట కనబడితే కాలుస్తున్నారని ఆడవాళ్లే ముందుకొచ్చి పదకొండు రోజులు ఊరిని నిలబెట్టారు. చివరికి కంపెనీ కంచె పీక్కుని పోయింది. పోతూ పోతూ 'గుర్తు తెలియని వ్యక్తుల' మీద కేసులు పెట్టి పోయింది. ఇప్పుడా ఆడవాళ్లు నలభై ఒక్క మంది తమ కథ చెబుతామంటున్నారు. చెబితే గుర్తు తెలిసిపోతారు.

"మొహాలు మసకేస్తే సరిపోదా సార్?" అంది ఇందుమతి.

"మసక దొంగలకి వేస్తారమ్మా. వీళ్లు దొంగలు కారు. పైగా మసకేశాక మనిషి ఏడుస్తోందో నవ్వుతోందో ఎవడికి తెలుస్తుంది? తెలియనప్పుడు ఎవడు నమ్ముతాడు?"

ఎనిమిది నెలలు పట్టింది ఇందుమతికి. మనిషి మొహంలో రెండున్నాయని ఆమె పట్టుకుంది. ఒకటి అచ్చు: ఎముక, ముక్కు, రంగు. రెండోది కదలిక: కనుబొమ ఎగరెయ్యడం, పెదవి వణకడం, ఏడుపు ఆపుకోవడం. అచ్చు తీసేసి, కదలికని మాత్రం వదిలేసి, దాన్ని ఇంకో మొహం మీద నడిపిస్తే? ఆ ఇంకో మొహం ఎవరో ఒకరిది కాకుండా, చాలామంది మొహాలు కలిపి తీసిన సగటు అయితే? మొదటి పరీక్ష తండ్రి మీదే చేసింది. ఆయన పేరు కూర్మనాథం. నలభై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపి, నెగెటివుల మీద పెన్సిలుతో జనం మొటిమలు చెరిపి రిటైరైన మనిషి. తెర మీద ఎవరో ముక్కూ మొహం తెలియని ఆసామి, అచ్చం తనలాగే మూతి తిప్పుతూ, తనలాగే కళ్లజోడు సర్దుకుంటూ కనబడేసరికి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేమిటే! ఎవడో నా ఏడుపు ఏడుస్తున్నాడు!"

ఇందుమతి పడీ పడీ నవ్వింది. అంతకంటే మంచి కితాబు ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. ఆ సగటు మొహంలోంచి వెనక్కి వెళ్లి ఎవరి మొహమూ బయటికి లాగలేరని లెక్కలతో నిరూపించింది కూడా.

అసలు తప్పు ఆ తరవాత జరిగింది. ఆ ఆసామి మొహం ఆమె ఉండే అపార్టుమెంటులో నలభై మందిని కలిపి తయారుచేసింది. అలాగే అక్కడి ఆడవాళ్లందర్నీ కలిపి ఒక మొహం చేసి, దాన్ని మొగదిబ్బ ఆడవాళ్ల మాటలకి తొడిగితే నాటకంలో వేషంలా ఉంది. ఎండకి కాలిన చర్మం, ఉప్పుగాలికి కళ్ల చివర పడే గీతలు పట్నం మొహానికి ఎక్కణ్ణించి వస్తాయి? ప్రభుదాస్ చూసి తల అడ్డంగా ఊపాడు. "వాళ్ల మొహం వాళ్లలోంచే రావాలమ్మా," అన్నాడు. ఆ మాట ఆమెకి ఎంతో బాగా నచ్చింది. మాట్లాడిన నలభై ఒక్క మంది మొహాలే కలిపి, ఆ సగటునే నలభై ఒక్క మందికీ తొడిగింది. గొంతులు కూడా అలాగే కలిపి ఒకే గొంతు చేసింది. దానికి ఉమ్మడి మొహం అని పేరు పెట్టుకుంది.

అన్నం తింటూ తండ్రికి చూపించింది. ఆయన చేత్తో కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని చూశాడు.

"ఎవరే ఈ అమ్మాయి?"

"ఎవరూ కాదు నాన్నా. అదే కదా అందులో గొప్ప."

"ఎవరూ కాకపోవడమేమిటి? నలభై ఏళ్లు మొహాలు చూసినవాణ్ణి. కొత్తవాళ్లని కలిపితే ఎవరూ రారు, సరే. అన్నదమ్ముల్నీ మేనత్త మేనమామ పిల్లల్నీ కలిపితే ఇంటి పోలిక రాదూ? ఆ ఊళ్లో పెళ్లిళ్లు ఎవరితో చేసుకుంటారో కనుక్కున్నావా?"

"పెరుగు వేసుకోండి నాన్నా," అంది ఇందుమతి. ఆ రోజు ఆమె చాలా సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్నవాళ్లకి చెప్పినా చెవికెక్కదు.

సినిమా మొదట ఊరివాళ్లకే చూపించారు. వలలు బాగుచేసుకునే షెడ్డుకి నాలుగు వైపులా టార్పాలిన్లు కట్టి, పట్టపగలే చీకటి చేశారు. ఒకే మొహం మళ్లీ మళ్లీ వచ్చి మాట్లాడుతుంటే పట్నంలో వాళ్లు ఒక్క మనిషే అనుకుంటారేమో గాని, ఊరివాళ్లకి అరనిమిషం పట్టలేదు గుర్తుపట్టడానికి.

"అదుగో, సెవి గోక్కుంటంది సూడు! అది మా ఎర్రమ్మత్తే!"

"ఓలమ్మా, ఆ కన్నెగరెయ్యడం సూసినావా? అది నువ్వేనే దానమ్మప్పా!"

ఒకటే నవ్వులు. ఒక చోట ఆ మొహం, గార్డులకి ఎదురుగా ఇసకలో బైఠాయించిన సంగతి చెబుతూ చెబుతూ ఆగి, కింది పెదవి కొరుక్కుంది. అప్పుడు ఒక్కొక్కరూ ముందు వరసలో కూర్చున్న ముసలాయన వైపు చూశారు. అది పోలమ్మ. కులపెద్ద కొర్లయ్య భార్య. షూటింగు అయిన రెండు నెలలకి జ్వరంతో పోయింది. కొర్లయ్య తుండు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మొగం దానిది కాదు గానమ్మా," అన్నాడు ఇందుమతితో, "ఆ పెదివి కొరుక్కోడం దానిదే."

ఇందుమతికి కూడా కళ్లు నిండాయి. ఆ ఆడవాళ్లని చూసి ఆమెకి గౌరవం కాదు, భక్తి కలిగింది. తాగే నీళ్లు లేకుండా పదకొండు రోజులు నిలబడి, ఇప్పుడిలా ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకుంటూ నవ్వుతున్నారు! అదే సమయంలో వెనక నుంచి ఎవరో అరిచారు. "ఏటే, ఇది అచ్చం మన నూకరత్నంనాగుంది!"

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర చేపల గంపతో నిలబడి ఉంది నూకరత్నం. నిజమే. అదే నుదురు, అదే గడ్డం.

"సీ, నానెందుకుంటానే అందులో?" అంది నూకరత్నం విసుగ్గా. "నన్నెవులూ తియ్యనేదు. నాను మాట్లాడనేదు. నన్నొగ్గీండి."

మళ్లీ నవ్వులు. ఇందుమతి మాత్రం నవ్వలేకపోయింది. గబగబా జాబితా చూసుకుంది. నూకరత్నం మొహం ఆ నలభై ఒక్కటిలో లేదు. చిన్న కూతురుంది, మొగుడు దూరపు రేవుల్లో బోట్ల మీద పని, నన్ను వదిలెయ్యండని మొదట్లోనే దణ్ణం పెట్టింది. లేదు కాబట్టి భయం లేదనుకుంది ఇందుమతి. తండ్రి చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. వచ్చినా నోరు మూసుకుంది. సినిమా ఆపెయ్యమంటే అందరి కష్టం ఏమైపోతుందని! అది ఆమె తప్పు, దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి వీల్లేదు.

సినిమాకి మంచి పేరొచ్చింది. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. తొమ్మిదో రోజున పోలీసులు ఆ మొహాన్ని తమ పోలికల యంత్రానికి చూపించారు. అది జిల్లాలో ఉన్న కార్డుల ఫోటోలన్నీ గాలించి ఒక్క పేరు పైకి తేల్చింది. మైలపిల్లి నూకరత్నం, నూటికి తొంభై మూడు. సంతలో ఎండు నెత్తళ్లు అమ్ముతున్నదాన్ని అమ్ముతున్నట్టే జీపెక్కించారు.

ఇందుమతి పరుగున స్టేషనుకి వెళ్లింది. "ఆ మొహం ఎవరిదీ కాదండీ! నలభై ఒక్క మందిని కలిపి నేను తయారుచేశాను," అంది. ఇన్‌స్పెక్టరు తాపీగా రాసుకున్నాడు. "అలాగా. అయితే అసలు మొహాలు ఎక్కడున్నాయి మేడమ్?" అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! పదిహేను రోజులకి కోర్టు నుంచి నోటీసు వచ్చింది. మొహాలు మార్చకముందు తీసిన అసలు రికార్డులన్నీ వచ్చే సోమవారం కోర్టులో పెట్టాలి. అవన్నీ ఒకే డిస్కులో ఉన్నాయి. భయం కొద్దీ రెండో కాపీ చెయ్యలేదు.

డిస్కు ఇస్తే నూకరత్నం ఆ రోజే ఇంటికి వస్తుంది, నలభై మంది లోపలికి వెళతారు. ఇవ్వకపోతే నలభై మంది బయట ఉంటారు, ఏ పాపమూ ఎరగని నూకరత్నం ఏళ్ల తరబడి లోపల ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇందుమతికి అన్నం సయించలేదు. కూర్మనాథం "నేను ముందే చెప్పాను" అనలేదు. ఆ మంచితనం ఆయనకుంది. కూతురి కంచంలో కూర వేసి, "ముందు ఆ పిల్లని చూసిరా," అన్నాడు.

జైల్లో ఇనప జాలీకి అవతల నూకరత్నం మనిషి సగమైంది. కోపం మాత్రం తగ్గలేదు.

"నాను వొద్దన్నాను కదమ్మా. సేతులెత్తి దణ్ణమెట్టి మరీ వొద్దన్నాను. మరేటి, నా మొగం ఎలాగెల్లింది అందులోకి?"

"నీది తీసుకోలేదు నూకరత్నం. మీ ఊరి ఆడవాళ్లందర్నీ కలిపితే నీ పోలిక వచ్చింది."

"అదేటమ్మా! ఉన్న సేపలన్నీ పులుసులో ఏస్తే, ఎయ్యని సేప తేలినట్టు?"

ఇందుమతికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. తన తప్పేమిటో, తండ్రి ఏమన్నాడో, షెడ్డులో తనెందుకు నోరు మూసుకుందో అంతా చెప్పేసింది. డిస్కు సంగతీ చెప్పింది. "నువ్వు చెప్పు. ఇచ్చెయ్యమంటావా?" అని అడిగింది.

నూకరత్నం జాలీకి దగ్గరగా జరిగింది. "మా గుంట అన్నం తింటందా?" అంది.

"తింటోంది. పాప మీ అక్క దానమ్మ దగ్గరుంది."

"అయితే నన్నడక్కు. నన్నడిగితే ఇచ్చీమంతాను. ఎల్లి ఊరినడుగు."

ఆదివారం పొద్దున్న ఇందుమతి, ప్రభుదాస్ మొగదిబ్బ వెళ్లారు. ఒడ్డుకి లాగిన పడవల మధ్య ఊరంతా కూర్చుంది. ఇందుమతి డిస్కు తీసి కొర్లయ్య ముందు పెట్టింది. అరచెయ్యంత నల్లటి డబ్బా. "ఇందులో మీ మొహాలున్నాయి. ఏం చెయ్యాలో చెప్పే హక్కు నాకు లేదు. మీరు చెప్పండి," అని రెండు దార్లూ విడమరిచి చెప్పింది.

మొదట లేచింది దానమ్మ. నూకరత్నం అక్క, సినిమాలో కంచె కోశానని చెప్పిన అసలు మనిషి.

"పడవేసుకుని ఎల్నోడికే సేపంటే ఈ ఊల్లో సగం ఇల్లు పస్తులుండాల. ఎల్లనోడింటికీ వాటా ఎల్తాది, మొగుడు పోయిన ఆడదానింటికీ ఎల్తాది. మన తాతల నాటి నుంచీ అంతే కదా? సేపలో వాటా ఉన్నప్పుడు కేసులో నేదేటి? మా సెల్లి ఒక్కత్తీ అందరి వాటాలూ మోస్తంది! రేపు నానెల్లి ఆ కంచి నానే కోసినానని సెప్పేస్తాను."

"నువ్వెల్తే నానూ ఎల్తాను," అంది ఎర్రమ్మ. "తుపాకీ లాక్కున్నది నాను. అదేమన్నా సిన్న పనేటి, ఇంకోలికి ఒగ్గీడానికి!"

ఒకరి తరవాత ఒకరు లేచారు. పడవ చాటున బిడ్డని కన్న పిల్ల చంకలో ఆ బిడ్డతోనే లేచింది. నలభై మంది. ఎండ వాళ్ల మొహాల మీద పడుతోంది. ఇందుమతి వాళ్లని కుడి నుంచి ఎడమకి చూసింది, మళ్లీ ఎడమ నుంచి కుడికి చూసింది. ఇన్నాళ్లుగా తెర మీద చూస్తున్న ఆ మొహం నలభై చోట్ల కనబడింది. ఒకచోట ముక్కు కొంచెం పొడుగు, ఒకచోట బుగ్గ కొంచెం లోపలికి, అంతే.

"ఆగండి!" అని అరిచింది. "ఒప్పుకోవద్దు. ఎవరూ ఒక్క మాట మాట్లాడొద్దు. ఊరికే వచ్చి ఆ యంత్రం ముందు నిలబడండి. సగటంటే అందరికీ దగ్గరగా ఉండేది. నూకరత్నానికి తొంభై మూడు వచ్చింది కాబట్టి ఆమె పేరు పైకొచ్చింది. మీకు తొంభై వస్తుంది, ఎనభై తొమ్మిది వస్తుంది. అన్ని మొహాలకీ సరిపోయే మొహాన్ని పట్టుకుని కోర్టు ఎవరిని జైల్లో పెడుతుంది?"

జనంలో కదలిక వచ్చింది. ప్రభుదాస్ మాత్రం నల్లడబ్బా వైపే చూస్తున్నాడు.

"ఇది ఉన్నంత వరకూ అడుగుతూనే ఉంటారమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇది ఉండకూడదు." ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఇందుమతికి తెలుసు. ముప్పై ఏళ్లలో తీసిన ఒక్క ముక్క కూడా ఆయన చెరిపెయ్యలేదు. రేపు మనవలు చూడాలంటాడు. ఇది పోతే మొగదిబ్బని కాపాడిన ఆడవాళ్ల అసలు మొహాలు ఏ సినిమాలోనూ ఉండవు, ఎప్పటికీ ఉండవు.

కొర్లయ్య డబ్బాని వేలితో తట్టాడు. "ఇందులో పోలమ్మ ఉందేటమ్మా?"

"ఉంది," అంది ఇందుమతి.

"రేసను కార్డు మీద బొమ్మ ఒకటుంది. అది పోలమ్మ కాదు, దెయ్యం." ముసలాయన డబ్బాని ఆమె వైపు జరిపాడు. "ఒక్కపాలి సూపిత్తావా?"

ఇందుమతి లాప్‌టాప్ తెరిచి తన కొంగు నీడ పట్టింది. తెర మీద పోలమ్మ, తన సొంత మొహంతో, ముక్కుకి రెండు వైపులా నత్తులతో, కెమెరా పక్కకి చూసి కసిరింది. "ఆ సుట్ట ఆర్పియ్ మావా! మనిసి మాట్లాడతంటే పొగొగ్గుతావేటి?" కొర్లయ్య గట్టిగా నవ్వేశాడు. ఆ రోజు కెమెరా పక్కన చుట్ట కాలుస్తూ నిలబడింది ఆయనే. రెండు నిమిషాలు చూశాడు. తరవాత తనే చెయ్యి చాపి మూత మూశాడు.

"సాలమ్మా. పోలమ్మ బతికుంటే ఏటంతాదో నాకు తెలుసు. నూకిని ఇంటికి తెమ్మంతాది."

తెప్ప నీటిలోకి తోశారు. డిస్కు పట్టుకుని కొర్లయ్యే ఎక్కాడు, ఇంకెవరినీ రానివ్వలేదు. అలలు దాటి, నీరు నల్లబడే చోటికి వెళ్లి వంగడం ఒడ్డు నుంచి కనిపించింది. తిరిగొచ్చి తుండుతో మొహం తుడుచుకుంటూ, "ఉప్పునీరు కొట్టింది," అన్నాడు. ఆడవాళ్లు అవునన్నారు.

"రేపు కోర్టులో ఇది చేసింది నేనే అని చెబుతాను," అంది ఇందుమతి. "మీలో ఎవరి పేరూ రాదు. ఇది నా వాటా. కాదనకండి."

సోమవారం కోర్టు హాలు చేపల వాసనతో నిండిపోయింది. నలభై మంది ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. నూకరత్నం తరఫు వకీలు ఒక్కటే అడిగాడు. పోలీసుల సాక్ష్యమంతా ఆ యంత్రం కదా, దాన్ని ఇక్కడే, అందరి ఎదుటా ఇంకోసారి నడిపించమన్నాడు. జడ్జి ఒప్పుకున్నాడు.

ఎనభై అయిదు దాటితే మనిషి దొరికినట్టు లెక్క. దానమ్మకి తొంభై ఒకటి వచ్చింది. ఎర్రమ్మకి ఎనభై ఎనిమిది. బిడ్డ తల్లికి తొంభై. యంత్రం నడిపే ఆయన పన్నెండో మనిషి దగ్గర చెమట తుడుచుకున్నాడు. ఇరవయ్యో మనిషి దగ్గర ప్లగ్గు ఒకసారి తీసి పెట్టాడు. అయినా ఎనభై తొమ్మిదే. ఇంతలో నూకరత్నం చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఆడ కానిస్టేబులు కెమెరా ముందు నుంచి పక్కకి జరగబోయింది. యంత్రం ఆమెనీ చూసింది. ఎనభై ఏడు! "మా అమ్మగారిది పక్కపాలెమండీ," అంది ఆ అమ్మాయి బిక్కమొహం వేసి. హాలంతా గొల్లుమంది. జడ్జి కూడా ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నవ్వులు ఆగాక ఆయన ఇందుమతిని పిలిచాడు. "అసలు రికార్డు?"

"లేదండీ. నాశనం చేశాను."

"నోటీసు అందాకా, అందకముందా?"

"అందాకేనండి. తెలిసే చేశాను."

ఆమె మీద వేరే కేసు పెట్టమని, ప్రయోగశాలకి తాళం వెయ్యమని ఆయన అక్కడికక్కడే ఆదేశించాడు. కేసు నడిచి, చివరికి ఆమెకి మూడు నెలల శిక్ష పడింది. కూర్మనాథం ప్రతి ఆదివారం వెళ్లి కూతుర్ని చూసొచ్చేవాడు. అదంతా తరవాతి మాట. ఆ సోమవారం మాత్రం, ఇంతమందికి సరిపోయే మొహం ఏ ఒక్కరి మీదా సాక్ష్యం కాదని చెప్పి జడ్జి నూకరత్నాన్ని వదిలేశాడు. జైల్లో ఆమె ఉన్నది ఇరవై ఆరు రోజులు. కూతురు మొదట గుర్తుపట్టక ఏడ్చి, తరవాత మెడ వదల్లేదు.

రెండు రోజుల తరవాత నూకరత్నమే కబురు పంపింది. కెమెరా తీసుకుని రమ్మని! ఇందుమతి నమ్మలేకపోయింది. ప్రభుదాస్‌తో కలిసి వెళ్లేసరికి ఆమె ఇంటి ముందు బల్ల వేసుకుని కూర్చుని ఉంది.

"మొహం మార్చాలంటే ఇప్పుడు నా దగ్గర యంత్రం లేదు నూకరత్నం," అంది ఇందుమతి. ఉన్నా ఇంక ముట్టనని ఒట్టు పెట్టుకుంది, అది మాత్రం పైకి అనలేదు.

"మార్చడమెందుకు? జైల్లో కూకున్నది ఈ మొగమే కదా. ఉండు, ముందు తల దువ్వుకోనీ. పదకొండు నేరాలు సేసినదాన్ని, కూసింత సక్కగా అగుపడొద్దేటి!"

తీరిగ్గా దువ్వుకుంది. నూనె రాసుకుంది. దానమ్మ వెనక నుంచి జడ అల్లడం మొదలెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా పనులు ఆపి వచ్చి నిలబడ్డారు. ప్రభుదాస్ కెమెరా సరిచూసుకుని తల ఊపాడు. నూకరత్నం మొదట సముద్రం వైపు చూసింది, తరవాత సూటిగా కెమెరాలోకి చూసింది.

"నా పేరు మైలపిల్లి నూకరత్నం. నాను ఏ కంచీ కొయ్యనేదు. తుపాకీ లాగనేదు. ఆ పదకొండు రోజులూ నాను బయపడి, బిడ్డనెట్టుకుని ఇంట్లో తలుపేసుకుని కూకున్నాను. ఆ సిగ్గుతోనే సినిమాకి రాననీసినాను. స్టేసన్లో మూడ్రోజులూ, జైలుకొచ్చి మరీ మిగతా రోజులూ రోజూ అడిగినారు. నువ్వు కాకపోతే ఎవులో సెప్పు, ఈ పూటే ఇంటికంపేత్తామని. ఆ కంచి ఎవులు కోసినారో, తుపాకీ ఎవులు లాగినారో నాకు తెలుసు. నలబై ఒక్క పేర్లూ తెలుసు. ఒక్కటీ సెప్పనేదు."

జడ అల్లుతున్న దానమ్మ చేతులు ఆగిపోయాయి. ఇందుమతి అన్నాళ్లూ డిస్కు గురించే ఆలోచించింది. ఆ నలభై ఒక్క పేర్లూ ఆ జాలీ వెనకాల ఉన్నాయని ఆమెకి ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమె వెళ్లి నూకరత్నం పక్కన ఇసకలో కూర్చుంది. ప్రభుదాస్ కెమెరా ఆపలేదు.